పాత తెలుగు పుస్తకాల మెగా ప్యాక్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి, నేను మునిగింది చాలు

ఇప్పుడే బ్లాక్ అయ్యాను, కోపం ఇంకా దిగలేదు, అచ్చుతప్పులుంటే సర్దుకుని చదువుకోండి. అదేనండీ, పాత పుస్తకాలూ పత్రికలూ అమ్మే ఛానెల్, మన సాహిత్యం గ్రూపులన్నిట్లో తాటాకు బొమ్మ డీపీ వేసుకుని తిరుగుతుంటాడే, వాడే. "పాఠకులకు, రచయితలకు మెగా ప్యాక్" అట, 1,499 రూపాయలు. రెండు వేల పుస్తకాలు, భారతి సాహిత్య పత్రిక పాత సంచికలు, రచయితల కోసం స్పెషల్ నిఘంటువు యాప్, ఫాంట్లు, అన్నీ ఒకే డ్రైవ్ లింకులో.

నేనేమో 1930ల్లో జరిగే కథ ఒకటి రాస్తున్నా, అప్పటి పత్రికల్లో ప్రకటనలు ఎలా ఉండేవో, జనం ఏ మాటలు వాడేవాళ్లో చూద్దామని నెట్లో తెగ వెతికా, ఏమీ దొరకలేదు (ఎందుకు దొరకలేదో తర్వాత చెప్తా, అది వేరే సిగ్గు). అప్పుడు తగిలాడు వీడు. మూడు రోజులు "అక్కా అక్కా" తప్ప ఇంకో మాట లేదు. "మా తాతగారి సొంత లైబ్రరీ అక్కా, ఒక్కో పేజీ నేనే కూర్చుని స్కాన్ చేశా, నడుం పడిపోయింది" అన్నాడు. అయ్యో పాపం పిల్లాడు, పుస్తకాల మీద ఇంత ప్రేమేంటి అనుకుని, బేరం ఆడటం కూడా తప్పనిపించి మొత్తం ఒకేసారి యూపీఐ కొట్టేశా.

లింకు వచ్చింది, మొదటి ఫైలు తెరిచా. పేజీకి అడ్డంగా ఎర్ర అక్షరాలతో వాడి ఛానెల్ పేరు. సరే పోనీ. దాని వెనకాల సగం కనపడుతూ "యూనివర్సల్ లైబ్రరీ" అని ఇంగ్లిష్‌లో, పక్కన ఓ నంబరు. ఇంకో పేజీ తిప్పితే ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ చీటీ! కాల్ నంబరు, పుస్తకం పేరు చేత్తో రాసి, ఈ పుస్తకాన్ని కింద వేసిన తేదీలోగా తిరిగి ఇవ్వాలి అని. ఆహా, వాళ్ల తాతగారు ఉస్మానియాలో పుస్తకాలు తెచ్చుకుని తిరిగివ్వలేదేమో పాపం, ఒకటి కాదు, నేను తెరిచిన పదింట్లో ఏడు అవే. ఒకదాంట్లో పేజీ అంచున స్కాన్ చేసినాయన బొటనవేలు కూడా పడింది. ఎవరి వేలో గానీ ఆ వేలికి దండం, నడుం మాత్రం వీడికి పడిపోయింది.

ఇవన్నీ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు ఎప్పుడో స్కాన్ చేసిన పుస్తకాలు. ఆ సైటు మూతబడినా కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ‌లో ఉన్నాయి, పైసా అక్కర్లేదు. ఫైలు పేర్లు మార్చే ఓపిక కూడా లేదు మహానుభావుడికి, చుక్కలూ నంబర్లూ అలాగే ఉన్నాయి. ఇక ఆ స్పెషల్ నిఘంటువు యాప్ నొక్కితే ఏం తెరుచుకుందో తెలుసా, ఆంధ్రభారతి, అందరికీ ఉచితంగా ఉన్న నిఘంటువుల సైటు. నేను రోజూ పొద్దున్నే తెరిచే సైటే! ఫాంట్లేమో సూరన్న, మండలి, గిడుగు, ఇవి గూగుల్ ఫాంట్స్‌లో ఎవరికైనా ఉచితం. భారతి ఫోల్డర్లో నలభై ఫైళ్లుంటే సంచికలు పద్నాలుగే, మిగతావన్నీ అవే పేర్లు మార్చి.

"తమ్ముడూ, ఇవన్నీ ఫ్రీగా దొరికేవే కదా, తాతగారి లైబ్రరీ అన్నావు" అని మర్యాదగానే మెసేజ్ పెట్టా. చూశాడు. టైపింగ్ అని వస్తుంది, పోతుంది, వస్తుంది, పోతుంది. పది నిమిషాల తర్వాత ఇదీ జవాబు: "ఫ్రీగా ఉంటే ముందే వెతుక్కోవాల్సిందమ్మా. రాసేదానివి, నీకే ఆ ఓపిక లేకపోతే నేనేం చేస్తా. నువ్వు కట్టింది నీ బద్ధకానికి ఫీజు."

అక్క పోయి అమ్మా వచ్చింది, మీరు పోయి నువ్వు వచ్చింది. నేను ఏదో టైప్ చేస్తుండగానే తాటాకు మాయం.

డబ్బు కంటే ఆ మాటే గుచ్చుకుంది, ఎందుకంటే అందులో సగం నిజం. నేను ఆర్కైవ్‌లో వెతక్క కాదు, తెలుగు లిపిలో కొట్టి వెతికా, రాలేదు, లేవనుకుని మూసేశా. అక్కడ ఆ పాత పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్లది, కథలు అన్న మాటకే టీ పెట్టినవాళ్లున్నారు, డీ పెట్టినవాళ్లున్నారు, హెచ్ మింగేసినవాళ్లున్నారు. ఇవాళ కోపంలో మూడు నాలుగు రకాలుగా కొట్టి చూస్తే వాడి ప్యాక్‌లో లేనివి కూడా పడ్డాయి.

ఇంకో దరిద్రం, ప్యాక్‌లో ఇప్పుడు రాస్తున్నవాళ్ల నవలలు కూడా ఉన్నాయి, పోయిన ఏడాది వచ్చినవి, ఫోన్‌తో ఫొటోలు తీసి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు, వాళ్లవి ఎవరు పంచుకున్నా తప్పు లేదు. ఈ కొత్త నవలలు మాత్రం దొంగసొత్తే, దాన్ని డబ్బిచ్చి కొన్నది నేను, పైగా నేనూ రాసేదాన్నే. ఆ ఫోల్డర్ తీసి పారేశా.

మీరైతే కొనేముందు ఓ రెండు పుస్తకాల మొదటి ఐదారు పేజీలు పంపమని అడగండి, లైబ్రరీ చీటీ కనపడితే అక్కడే ఆగిపోండి. తెలుగు వికీసోర్స్‌లో చాలా పుస్తకాలు టైపు చేసి పెట్టారు, అందులో తెలుగులోనే వెతకొచ్చు. మోసపోయినవాళ్లు సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిదట. కథ 1930లదే, ఫోన్ నంబరూ 1930యే, నా రాత చూడండి.

ఆ, మర్చిపోయా, "మీ పుస్తకానికి ఐఎస్‌బిఎన్ ఇప్పిస్తా అక్కా, రెండు వేలు" అని కూడా అన్నాడు. అదే, పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, దాన్ని ప్రభుత్వానికి చెందిన రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వాళ్లు ఆన్‌లైన్లో ఉచితంగానే ఇస్తారు. అదొక్కటి నాకు ముందే తెలుసు కాబట్టి ఆ రెండు వేలు మిగిలాయి.