కమాండర్ ఆర్డరా, కోర్టు ఆర్డరా? సైన్యంలో ఉన్న భర్త కొడుతుంటే ఏది మేలు?

అమెరికా సైన్యంలో పనిచేసే భర్త చేయి చేసుకుంటుంటే భార్య అతన్ని దూరంగా ఉంచడానికి రెండు దారులున్నాయి. అతని కమాండర్ ఇచ్చే ప్రొటెక్టివ్ ఆర్డర్ ఒకటి, రాష్ట్ర చట్టం కింద సివిల్ కోర్టు ఇచ్చేది ఇంకొకటి. టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరాన్నే (బేస్) తీసుకుందాం (మధ్యలో ఫోర్ట్ కవాజోస్ అని మార్చి, 2025లో మళ్ళీ పాత పేరే పెట్టారు).

వేగం కావాలంటే కమాండరే. లాయర్ అక్కర్లేదు, వాయిదాలుండవు. ఫారం మీద ఆయన సంతకం పడితే ఆ రోజే భర్త ఇల్లు వదిలి బ్యారక్స్‌కి పోవాలి. మాట వినకపోతే కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) దాకా వెళ్ళొచ్చు. కాకపోతే ఆ ఆర్డర్ ఇవ్వడం, తీసేయడం ఆయన చేతిలో పని.

అసలు తేడా బేస్ గేటు దాటాక తెలుస్తుంది. కాపురం పక్కనే కిలీన్ ఊళ్ళో అద్దె ఇంట్లో అనుకోండి. అర్ధరాత్రి అతనొచ్చి తలుపు బాదితే ఆమె పోలీసుల అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తుంది. కమాండర్ ఆర్డర్ ఒక్కటే ఉంటే, దాన్ని మీరాడన్న కారణంతోనే ఊరి పోలీసు సాధారణంగా అరెస్టు చేయలేడు, బేస్‌కి కబురు పెడతాడు. కోర్టు ఆర్డర్ ఉంటే మీరడమే నేరం, అక్కడికక్కడే తీసుకుపోవచ్చు.

టెక్సస్‌లో కోర్టు ఆర్డర్‌కి బాధితురాలు ఫీజు కట్టక్కర్లేదు. ముందు 20 రోజుల తాత్కాలిక ఆర్డర్, విచారణ తర్వాత మామూలుగా 2 ఏళ్ళ దాకా ఉండేది ఇస్తారు. బదిలీ మీద ఏ రాష్ట్రానికి పోయినా చెల్లుతుంది. 2002 నాటి ఫెడరల్ చట్టం వల్ల బేస్ లోపలా చెల్లుతుంది. యూనిఫాం వేసుకునేది భార్య, కొట్టేది సివిలియన్ భర్త అయితే ఇక ఆలోచించేదే లేదు. అతని మీద కమాండర్ ఆర్డర్ పనిచేయదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను కోర్టు ఆర్డరే అంటాను. కానీ తుపాకీ దగ్గర అదీ పూర్తిగా ఆదుకోదు. విచారణ జరిగి ఇచ్చిన కోర్టు ఆర్డర్ ఉన్నవాడు తుపాకీ ఉంచుకోకూడదన్న ఫెడరల్ చట్టాన్ని సుప్రీంకోర్టు 2024లో, టెక్సస్ నుంచే వచ్చిన రహీమీ కేసులో, 8-1తో సమర్థించింది. అయితే డ్యూటీ కోసం సైన్యం ఇచ్చే ఆయుధానికి అందులో మినహాయింపు ఉంది. అది అతని చేతికి అందకుండా చేయగలిగింది కమాండరే. అందుకే సాయంత్రం కమాండర్‌ని కలిసి, పొద్దున్నే కోర్టుకి వెళ్ళడం మంచిది.

నేషనల్ గార్డ్ (మామూలుగా రాష్ట్ర గవర్నర్ కింద ఉండే రిజర్వు సైన్యం) వాళ్ళ లెక్క వేరు. గవర్నర్ కింద డ్రిల్ చేస్తున్నప్పుడు వాళ్ళకు ఫెడరల్ సైనిక న్యాయస్మృతి వర్తించదు, రాష్ట్రం రాసుకున్న చట్టమే దిక్కు. ఉదాహరణకు, 2020లో ఫోర్ట్ హుడ్ సైనికురాలు వనెసా గియెన్ హత్య తర్వాత టెక్సస్ 2021లో ఆమె పేరునే చట్టం చేసింది. రాష్ట్ర బలగాల్లో జరిగే లైంగిక దాడుల దర్యాప్తును రాష్ట్ర పోలీసు దర్యాప్తు విభాగమైన టెక్సస్ రేంజర్లకు అప్పగించింది.

కోర్టు ఆర్డర్ రాగానే ఒక కాపీ కమాండర్‌కి, ఒకటి బేస్ పోలీసులకి ఇవ్వాలి.