షుగర్ ఫ్రీ మేపుల్ సిరప్: చాలాకాలం వాడాక నా సమీక్ష

తక్కువ కార్బ్ (పిండిపదార్థాలు, చక్కెరలు) తిండికి మారినవాళ్లకి పాన్‌కేక్ పెద్ద సమస్య కాదు. బాదం పిండితోనో కొబ్బరి పిండితోనో ఎలాగోలా చేసుకోవచ్చు. చిక్కంతా దాని మీద పోసుకునే మేపుల్ సిరప్‌తోనే. ఒక టేబుల్ స్పూన్ సిరప్‌లో సుమారు 13 గ్రాముల కార్బ్ ఉంటుంది, ఒక్క స్పూనుతో ఆగేవాళ్లు నాకైతే ఇంతవరకు కనపడలేదు. కీటో అనే అతి తక్కువ కార్బ్ పద్ధతిలో రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాములే తినాలని లెక్క పెట్టుకుంటే, రెండు స్పూన్లు పోసుకునేసరికి ఆ లెక్కలో సగమో, మొత్తమో అయిపోతుంది.

నాకు టైప్ 2 షుగర్ ఉంది. అందుకే కొన్నేళ్లుగా ఈ షుగర్ ఫ్రీ సీసాలు మార్చి మార్చి వాడుతున్నాను. కొత్తది తెరిచినప్పుడల్లా తిన్న గంటకీ, రెండు గంటలకీ గ్లూకోమీటర్‌లో చూసుకుంటాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే కంపెనీ రెండు మూడు రకాలు అమ్ముతుంది, ఫార్ములా కూడా మధ్యలో మార్చేస్తుంది. వెనకాల పదార్థాల జాబితా చదవడం వస్తే పేరుతో పనిలేదు.

అసలు సిరప్ ఎలా తయారవుతుందో తెలిస్తే నకిలీవి ఎక్కడ తేలిపోతాయో అర్థమవుతుంది. మేపుల్ చెట్టు నుంచి కారే రసంలో చక్కెర 2 శాతం దాకా ఉంటుంది, మిగతాదంతా దాదాపు నీళ్లే. సుమారు 40 లీటర్ల రసం మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. ఆ పాకంలో మూడింట రెండొంతులు చక్కెరే. చిక్కదనం దానివల్లే, చాలాకాలం పాడవకుండా ఉండటమూ దానివల్లే. వేడి పాన్‌కేక్ మీద పోస్తే వెంటనే ఇంకిపోకుండా నెమ్మదిగా జారడానికి కారణం కూడా అదే. షుగర్ ఫ్రీ చేయాలంటే ఈ మూడింట రెండొంతుల సరుకునీ తీసేయాలి. తీపిని భర్తీ చేయడం తేలికే, సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి రెండు చుక్కలు చాలు. మరి ఆ ఖాళీ చోటుని దేనితో నింపారు? నేను సీసా తిప్పి చూసేది అందుకోసమే. జాబితాలో మొదటి పేరు ఎలాగూ నీళ్లదే అయివుంటుంది. రెండో పేరు చూస్తే సీసాలోది ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది.

నీళ్ల తర్వాత సెల్యులోజ్ గమ్మో శాంథన్ గమ్మో, ఆ పక్కనే సుక్రలోజ్ కనిపిస్తే అది అన్నిటికంటే మామూలు రకం. ఖాళీని ఏమీ నింపలేదన్నమాట, నీళ్లకే జిగురు పట్టించారు. కార్బ్ దాదాపు సున్నా, మీటర్‌లోనూ తేడా కనిపించదు. కానీ పాన్‌కేక్ మీద పోయగానే అసలు రంగు బయటపడుతుంది. జిగురు కాసేపు పైన జెల్లా నిలబడుతుంది, నీళ్లు మాత్రం కిందికి దిగి పిండిని నానబెడతాయి. బాదం పిండి పాన్‌కేక్ అసలే పెళుసు, రెండో ముక్క తినేలోపే ముద్దైపోతుంది. తిన్నాక నాలుక మీద తీపి అవసరానికి మించి ఉండిపోతుంది. ఒక సీసాలో గమ్ మరీ ఎక్కువై, వంచినప్పుడు తీగలా సాగి మూతి దగ్గరే వేలాడింది.

అయినా ఈ రకాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కాఫీలోకి ఇదే మేలు. అక్కడ చిక్కదనంతో పనిలేదు, కావలసింది కాస్త వాసనా తీపీ. చల్లటి పాలలోనూ వెంటనే కలిసిపోతుంది. పాడవకుండా కాపాడే చక్కెర ఇందులో లేదు కాబట్టి సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ లాంటివి కలుపుతారు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టమని సీసా మీద రాసి ఉంటే ఆ మాట వినండి. ఆస్పర్టేమ్ అనే మరో కృత్రిమ తీపి ఉన్న సీసాలూ ఉంటాయి. వేడికి దాని తీపి తగ్గిపోతుంది కాబట్టి వంటకి పనికిరాదు. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

రెండో పేరు సోర్బిటాలో మాల్టిటాలో (షుగర్ ఆల్కహాల్స్ అనే రకం తీపి పదార్థాలు) అయితే అది పాత తరం డయాబెటిక్ సిరప్. రుచికి వస్తే మాల్టిటాల్‌ని మెచ్చుకోవాలి. నున్నగా, నిండుగా, అసలు సిరప్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. దాని మూల్యం వేరే చోట కట్టాలి. మాల్టిటాల్ గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరని ఎంతగా పెంచుతుందో చెప్పే కొలత) 35 ప్రాంతంలో ఉంటుంది, సిరప్ రూపంలో ఇంకా ఎక్కువ. గ్రాముకి రెండు కేలరీల పైనే. అంటే చక్కెరలో సగమన్నమాట, సున్నా కానే కాదు. నా మీటర్ కూడా అదే చెప్పింది, చక్కెర అంత కాకపోయినా స్పష్టంగానే ఎక్కింది. ఇక కడుపు సంగతి. ధారాళంగా పోసుకున్న రోజున మధ్యాహ్నం బయట పనులేవీ పెట్టుకోకండి. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసేది ఊరికే కాదు.

ఫైబర్ సిరప్ పేరుతో వచ్చేవాటి దగ్గర నాకు కోపం ఎక్కువ. వీటిలో ఖాళీని పీచుతో నింపుతారు. ఇనులిన్, రెసిస్టెంట్ డెక్స్‌ట్రిన్ లాంటివి నిజంగానే పీచు, వాటితో పేచీ లేదు. అలవాటు లేని కడుపుకి గ్యాస్ పడుతుంది, అంతే. ఐసోమాల్టో ఆలిగోశాకరైడ్ సంగతి వేరు. పొడవాటి పేరు కాబట్టి ఐఎంఓ అని వేస్తారు. చిక్కగా, చక్కగా ఉంటుంది, తక్కువ కార్బ్ సరుకుల్లో చాలాకాలం రాజ్యమేలింది. దానిలో గణనీయమైన భాగం పేగులోనే అరిగి గ్లూకోజ్‌గా మారుతుంది. సీసా మీద ఫైబర్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నా నా మీటర్ దాన్ని చక్కెరగానే లెక్కపెట్టింది. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్ మీద పీచుగా లెక్కేసుకోవచ్చంటూ కొన్ని పదార్థాల జాబితా ఇచ్చినప్పుడు అందులో ఇది లేదు. షుగర్ ఉన్నవాళ్లు రెండో పేరుగా ఐఎంఓ కనిపిస్తే సీసాని అక్కడే వదిలేయడం మంచిది.

ఇప్పుడు బాగా అమ్ముడుపోతున్నది ఎరిథ్రిటాల్ అనే మరో షుగర్ ఆల్కహాల్ రకం. సీసా ముందు మాత్రం మొక్కల నుంచి తీసే తీపి అన్నట్టు మాంక్ ఫ్రూట్ అనో స్టీవియా అనో ఆకుల బొమ్మతో ఉంటుంది. మాంక్ ఫ్రూట్ సారం చక్కెర కంటే వంద రెట్లకు పైగా తియ్యగా ఉంటుంది కాబట్టి సీసాలో అది చిటికెడే. సరుకంతా ఎరిథ్రిటాల్. గ్లైసీమిక్ ఇండెక్స్ సున్నా, కేలరీలు గ్రాముకి 0.2. కడుపుకి మిగతా షుగర్ ఆల్కహాల్స్ కంటే చాలా నయం, ఎక్కువ భాగం రక్తంలోకి వెళ్లి మూత్రంలో పోతుంది. మీటర్‌లో ఏ మార్పూ లేదు.

దీని ఇబ్బంది మరొకటి. గది వేడిమిలో చక్కెర అయితే నీళ్లలో కరిగి, మొత్తం పాకం బరువులో మూడింట రెండొంతుల దాకా నిలుస్తుంది. ఎరిథ్రిటాల్ మూడో వంతు దాటి కాస్త కరుగుతుంది, అక్కడితో సరి. అంటే దానితో నిజమైన పాకం కట్టడం కుదరదు. ఎక్కువ వేస్తే ఫ్రిజ్‌లో పెట్టగానే అడుగున గరుకుగా పలుకులు కడుతుంది. తక్కువ వేస్తే మళ్లీ గమ్ మీదే ఆధారపడాలి. పలుకులు కట్టిన సీసాని వేడినీళ్లలో నిలబెడితే కరుగుతాయి, చల్లారాక మళ్లీ వస్తాయి. పైగా ఇది నోట్లో కరిగేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి పిప్పరమెంటు తిన్నట్టు చల్లగా తగులుతుంది. వేడి వాఫిల్ మీద ఆ చల్లదనం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు. అయితే ఓవెన్‌లో గింజలు వేయించేటప్పుడు మాత్రం పలుకులు కట్టే గుణమే కలిసొస్తుంది. ఎరిథ్రిటాల్ పూత చల్లారాక గట్టిపడి కరకరలాడుతుంది. గమ్ సిరప్ వేస్తే నీళ్లు ఆవిరైపోయి గింజల మీద ఏమీ మిగలదు.

2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనం గురించి కూడా చెప్పాలి. రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువగా కనిపించాయని అందులో ఉంది. మన ఒంట్లోనే కొంత ఎరిథ్రిటాల్ తయారవుతుంది కాబట్టి తిన్నదే కారణమని దానితో తేలిపోలేదు. అయినా అది చదివాక నేను రోజువారీ వాడకం తగ్గించాను. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోవాలి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడం కోసం సుక్రలోజ్, స్టీవియా లాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని సూచించింది. అప్పటికే షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదని కూడా అందులోనే ఉంది. వార్తల్లో ఈ రెండో ముక్క చాలాచోట్ల ఎగిరిపోయింది.

చివరికి నేను స్థిరపడింది అల్యులోజ్ దగ్గర. ఇది కూడా ఒక చక్కెరే, అంజీర్లలో, ఎండు ద్రాక్షలో, మేపుల్ సిరప్‌లో కూడా కొద్దికొద్దిగా సహజంగానే ఉంటుంది. తీపి చక్కెరలో 70 శాతం. కేలరీలు గ్రాముకి 0.4, ఒంటికి పట్టకుండా ఎక్కువ భాగం మూత్రంలో వెళ్లిపోతుంది. నా మీటర్ దీన్ని గుర్తించినట్టే లేదు. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లలో బ్రహ్మాండంగా కరుగుతుంది, పలుకులు కట్టదు, మరిగిస్తే పాకం పడుతుంది. ఖాళీ అయిన ఆ చోటుని నిజంగా నింపగలిగింది ఇదొక్కటే అని నా అభిప్రాయం. పాన్‌కేక్ నానదు, సిరప్ అంచుల మీద నుంచి నెమ్మదిగా జారుతుంది.

లేబుల్ దగ్గర మాత్రం తికమక పడతారు. అమెరికా సీసాల మీద అల్యులోజ్‌ని మొత్తం కార్బ్ లెక్కలో చూపిస్తారు, చక్కెర లెక్కలో చూపించనక్కర్లేదని ఎఫ్‌డీఏ 2019లో చెప్పింది. అందుకే కార్బ్ పది గ్రాముల పైన, చక్కెర సున్నా అని పక్కపక్కనే కనిపిస్తాయి. కంగారు పడి వెనక్కి పెట్టేయకండి, అందులో అల్యులోజ్ ఎంతో చూసి తీసేస్తే మిగిలేదే మీ లెక్క. అన్ని దేశాల్లో దీనికి అనుమతి లేదు కాబట్టి అందరికీ దొరక్కపోవచ్చు. పరిమితి కూడా ఉంది. శరీర బరువులో కిలోకి 0.4 గ్రాముల చొప్పున ఒక్కసారికి తీసుకుంటే కడుపు తట్టుకుంటుందని 2018 నాటి ఒక అధ్యయనం చెప్పింది. 60 కిలోల మనిషికి అది 24 గ్రాములు, చిక్కటి సిరప్ రెండు టేబుల్ స్పూన్లకి కాస్త తక్కువ. నా కడుపు కూడా దాదాపు ఆ లెక్కే పాటిస్తుంది.

సీసాలో కొనేదానికంటే ఇంట్లో చేసుకున్నదే నాకు బాగా నచ్చింది. ఒక కప్పు అల్యులోజ్, అరకప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు సన్నటి సెగ మీద పెట్టాలి. చక్కెర కంటే త్వరగా రంగు తిరుగుతుంది కాబట్టి పొయ్యి దగ్గరే ఉండాలి, లేత గోధుమ రంగు రాగానే దించేయాలి. వేడి మీద పల్చగా కనిపించినా చల్లారితే చిక్కబడుతుంది. దించాక ఒక స్పూను వెన్న, కాస్త గోరువెచ్చగా అయ్యాక ఒక టీ స్పూన్ మేపుల్ ఎసెన్స్. ఎసెన్స్ పొయ్యి మీద ఉండగా పోస్తే వాసనంతా వంటగదికే పోతుంది. తీపి చాలకపోతే రెండు చుక్కల మాంక్ ఫ్రూట్. గమ్ అక్కర్లేదు. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు వారాల్లో వాడేస్తాను.

ఎసెన్స్ విషయంలో కక్కుర్తి వద్దు. తీపి సరిగ్గా ఉన్నా వాసన తేడాగా ఉంటే నోరు ఒప్పుకోదు. మేపుల్ సువాసనలో ముఖ్యమైన పాత్ర సోటోలాన్ అనే పదార్థానిది. మెంతుల్లోనూ అదే ఉంటుంది, అందుకే కృత్రిమ మేపుల్ ఎసెన్స్‌లకి మెంతి సారం వాడతారు. 2005 నుంచి న్యూయార్క్ నగరంలో అప్పుడప్పుడూ మేపుల్ సిరప్ వాసన గుప్పుమనేది, ఎక్కడి నుంచో ఎవరికీ అంతుపట్టలేదు. పక్కనే న్యూజెర్సీలో మెంతులు ప్రాసెస్ చేసే ఫ్యాక్టరీ నుంచని 2009లో తేల్చారు. ఇది చదివి మెంతులే మరిగించి చూద్దామనుకునేవాళ్లకి ఒక మాట: వాసన కంటే ముందు చేదు దిగుతుంది.

సహజమైనవి కదా అని తేనె, అగావే సిరప్, ఖర్జూర పాకం సూచించేవాళ్లు చాలామంది ఉంటారు. తక్కువ కార్బ్ లెక్కలో అవన్నీ చక్కెరలే. అగావే గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువగా ఉండటానికి కారణం అందులో ఫ్రక్టోజ్ ఎక్కువ ఉండటం, కార్బ్ తక్కువై కాదు.

ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ (ఇదీ ఒక షుగర్ ఆల్కహాలే) ఉన్న సీసా అసలు తేవద్దు. మనకి అలాంటి విషం కాదు గానీ కుక్కకి కొద్దిపాటి మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా పడేసే మాత్రలు గానీ వాడేవాళ్లు ఇంట్లోవాళ్లకి ఒక సంగతి చెప్పి ఉంచాలి. షుగర్ పడిపోయి చెమటలు పట్టినప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న ఈ సిరప్ తాగిస్తే ఉపయోగం లేదు. ఆ సమయానికి మామూలు చక్కెరో పళ్లరసమో వేరుగా ఉంచుకోండి.