పౌడర్ కోటింగ్ పరీక్షకు డీఎఫ్‌టీ మీటరు, క్రాస్ కట్ కిట్: ఏది ఎంతవరకు పనికొస్తుంది

గేట్లు, గ్రిల్స్, ప్యానెల్ బాక్సులు బయట జాబ్ వర్క్‌కి ఇచ్చి పౌడర్ కోటింగ్ చేయించుకునే ఫ్యాబ్రికేటర్లకు చేతిలో ఉండాల్సినవి రెండు: పూత మందం చూపే డీఎఫ్‌టీ మీటరు, పూత పట్టు చూపే క్రాస్ కట్ కత్తి. అందరూ ముందు మీటరే కొంటారు. పని లోపాన్ని బయటపెట్టేది మాత్రం కత్తే. డబ్బు ఒక్కదానికే ఉంటే కత్తి కొనండి.

కొన్ని వేల రూపాయల్లో దొరికే మీటర్లు ఎఫ్, ఎన్‌ఎఫ్ అని రెండు మోడ్‌లలో పనిచేస్తాయి. ఇనుము మీద అయస్కాంత ప్రేరణతో (ఎఫ్), అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్‌తో (ఎన్‌ఎఫ్) కొలుస్తాయి. పౌడర్ పూత సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు ఉండాలి కాబట్టి రెండు మూడు మైక్రాన్ల తేడా వచ్చినా నష్టం లేదు. ఆ లెక్కన చవక మీటరు చాలు. థర్డ్ పార్టీ తనిఖీకి కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌తో రిపోర్టు ఇవ్వాల్సినవాళ్లకు ఎల్కోమీటర్ 456, పాజిటెక్టర్ 6000 లాంటివి తప్పవు.

చాలామంది పొరపడేది జీరో చేయడంలో. పెట్టెలో ఇచ్చిన మందపాటి ఇనుప ముక్క మీద జీరో చేసి, నేరుగా సన్నపాటి షీటు మీదో గుండ్రటి పైపు మీదో ప్రోబ్ పెడతారు. షీటు మరీ పల్చగా ఉన్నా, పైపు వంపు ఎక్కువున్నా, అంచుకు దగ్గరగా కొలిచినా మీటరు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. పూత వేయని అదే షీటు, అదే సైజు పైపు ముక్క ఒకటి దాచుకుని దాని మీద జీరో చేయాలి. తర్వాత మీ పూతకు దగ్గరి మందం ఉన్న ఫాయిల్ (మందం ముందే తెలిసిన పల్చటి రేకు) దాని మీద పెట్టి సరిచూసుకోవాలి. ఫాయిల్ మీద ప్రోబ్ నొక్కుల గుంటలు పడితే అది ఇక పనికిరాదు, మార్చేయండి.

జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు మీద ఇంకో చిక్కుంది. ఎఫ్ మోడ్‌కి జింకూ పౌడరూ ఒకటే, రెండూ అయస్కాంతానికి అంటనివే. జింకు 50 మైక్రాన్లు, పౌడర్ 30 మైక్రాన్లు ఉంటే మీటరు 80 అంటుంది, బిల్లు పాసైపోతుంది. పూత వేయించే ముందే జీఐ పైపును నాలుగుచోట్ల కొలిచి రాసుకోండి, తర్వాత వచ్చిన దాంట్లోంచి అది తీసేయండి. రెండు పొరలనూ విడివిడిగా చూపే ప్రోబులు పాజిటెక్టర్‌లో ఉన్నాయి కానీ, చిన్న షాపుకు అంత ఖర్చు అక్కర్లేదు.

ఎక్కడ కొలవాలన్నది కూడా ముఖ్యమే. గేటు మధ్యలో ఎప్పుడూ బాగానే ఉంటుంది. లోపలి మూలల్లోకి, చానెల్ లోతుల్లోకి పౌడర్‌ను లోహానికి లాగే విద్యుత్ క్షేత్రం సరిగా చొరబడదు, పౌడర్ అక్కడ పల్చగా పడుతుంది. తుప్పు మొదలయ్యేదీ అక్కడే. సుమారు 4 సెంటీమీటర్ల వ్యాసంలో మూడు రీడింగులు తీసి సగటు వేస్తే ఒక స్పాట్ కింద లెక్క.

ఇక కత్తి. క్రాస్ కట్ పరీక్ష ప్రమాణమైన ఐఎస్‌ఓ 2409 ప్రకారం, ఇనుము మీద పూత 60 మైక్రాన్ల వరకు ఉంటే కోతల మధ్య 1 మి.మీ. ఎడం, 61 నుంచి 120 వరకు 2 మి.మీ., 121 నుంచి 250 వరకు 3 మి.మీ. మా ప్రధానమైన ఫిర్యాదు ఇక్కడే: చాలా కిట్లలో 1 మి.మీ. బ్లేడు ఒక్కటే ఇస్తారు. 80 మైక్రాన్ల పూతను దాంతో కోస్తే మంచి పూత కూడా ఫెయిలవుతుంది. 2 మి.మీ. బ్లేడు విడిగా అడిగి తీసుకోండి.

ఆరు పళ్ల బ్లేడును ఒకే ఒత్తిడితో లాగి లోహం కనిపించేదాకా కోయాలి. తర్వాత దానికి అడ్డంగా ఇంకోసారి. 25 గళ్లు పడతాయి. మెత్తటి బ్రష్‌తో దులిపి, టేప్ అంటించి వేలితో గట్టిగా రుద్ది, అయిదు నిమిషాల్లోపు సుమారు 60 డిగ్రీల కోణంలో ఒక్క సెకనులో లాగేయాలి. ఏమీ ఊడకపోతే 0, గీతలు కలిసేచోట 5 శాతంలోపు ఊడితే 1, 15 శాతం దాకా 2. అంతకు మించితే సరుకు వెనక్కి పంపండి. ఇదే పరీక్షకు అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం డీ3359లో లెక్క తలకిందులు, అక్కడ 5బీ అంటేనే మంచిది. రిపోర్టు చదివేటప్పుడు ఏ పద్ధతో ముందు చూడండి.

అంకె కంటే, ఊడినచోట కింద ఏముందో చూడటం ముఖ్యం. మెరిసే ఇనుము కనిపిస్తే నూనె సరిగా పోలేదు, లేదా ఫాస్ఫేటింగ్ (పూత పట్టేందుకు ముందు ఇనుముకు చేసే రసాయన శుద్ధి) కుదరలేదు. కింద పాత రంగు కనిపిస్తే, మళ్లీ కోటింగ్ వేసేముందు ఎమరీ పట్టలేదన్నమాట. గేటు మీద కోయనక్కర్లేదు, అదే షీటు ముక్కను జాబ్‌తోపాటే అదే లైన్‌లో వేలాడదీయమంటే సరి. పొడిగా పాసైన ముక్కను 2 గంటలు నీళ్లలో మరిగించి, చల్లారాక మళ్లీ కోయండి. అల్యూమినియం పూతలకు క్వాలికోట్ అనే నాణ్యతా ముద్ర సంస్థ పెట్టిన తడి పరీక్ష ఇలాంటిదే. ప్రీట్రీట్‌మెంట్ (పూతకు ముందు కడగడం, ఫాస్ఫేటింగ్ వగైరా) సరిగా లేకపోతే అప్పుడు గళ్లకు గళ్లే లేచొస్తాయి.

ఓవెన్‌లో సరిగా ఉడికిందా అన్నది మీటరూ చెప్పదు, కత్తీ ఖాయంగా చెప్పదు. ఎంఈకే అనే ద్రావకంలో తడిపిన దూదితో 30 సార్లు అటూ ఇటూ రుద్దండి, గ్లౌజులు వేసుకుని, గాలి ఆడేచోట. దూదికి కాస్త రంగు అంటడం మామూలే. గోరు గీత పడేంతగా పూత మెత్తబడితే మాత్రం ఉడకలేదు.

కొందరు షాపువాళ్లు 500 గంటల సాల్ట్ స్ప్రే రిపోర్టు చూపిస్తారు. 5 శాతం ఉప్పునీటి పొగమంచులో 35 డిగ్రీల దగ్గర చేసే పరీక్ష అది. ఆ గంటలను విశాఖ సముద్రపు గాలిలో సంవత్సరాలుగా మార్చే లెక్క ఏదీ లేదు. గంటలు వదిలేసి, పరీక్షకు ముందు ప్లేటు మీద లోహం దాకా గీసిన గీత పక్కన తుప్పు ఎన్ని మిల్లీమీటర్లు పాకిందో, ఆ ప్లేటుకు వేసిన మందమెంతో, మీ జాబ్ వెళ్లే ప్రీట్రీట్‌మెంట్ ట్యాంకుల్లోంచే ఆ ప్లేటూ వెళ్లిందో లేదో అడగండి.