11 గ్రాముల టోన్ఆర్మ్‌కి ఏ కార్ట్రిడ్జ్ మేలు?

రికార్డు ప్లేయర్‌లో రికార్డు మీదుగా జరిగే చెయ్యి టోన్ఆర్మ్, దాని కొసన సూదిని పట్టుకునే చిన్న డబ్బా కార్ట్రిడ్జ్. ఖరీదైన టోన్ఆర్మ్ కొన్నాక చాలామంది చేసేది ఒకటే: పేరున్న కార్ట్రిడ్జ్ ఏదో కనుక్కుని తెచ్చి బిగించేస్తారు. కార్ట్రిడ్జ్ ఎంత గొప్పదైనా ఆర్మ్‌తో పొత్తు కుదరకపోతే దాని గొప్పతనం బయటికి రాదు. అందుకే ఇక్కడ ముందు ఆర్మ్‌ని ఖాయం చేసుకుని, దానికి మూడు కార్ట్రిడ్జ్‌లలో ఏది సరిపడుతుందో చూద్దాం. ఆర్మ్ ఎస్ఎంఈ సిరీస్ ఫైవ్. ఒకే ముక్కగా పోత పోసిన మెగ్నీషియం గొట్టం, ఎఫెక్టివ్ మాస్, అంటే కదిలేటప్పుడు సూదికి తగిలే ఆర్మ్ బరువు, 10 నుంచి 11 గ్రాములు. పోటీలో ఉన్నవి డెనాన్ డీఎల్-103, ఆర్టోఫాన్ 2ఎం బ్లాక్, ఆర్టోఫాన్ కడెంజా బ్రాంజ్.

ముందు ఒక చిన్న లెక్క. సూదిని మోసే సన్నటి కడ్డీ, కాంటిలీవర్, కొంచెం స్ప్రింగులా సాగుతుంది. ఆ సాగే గుణమే కంప్లయన్స్. ఆర్మ్ బరువు మొత్తం ఆ స్ప్రింగు మీదే కదులుతుంది కాబట్టి ఆ జంటకి ఒక సొంత ఊగుడు ఉంటుంది. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. మరీ కిందికి దిగితే వంగిన రికార్డుల ఎగుడుదిగుళ్లూ, నేల మీద అడుగుల అదురూ దాన్ని రెచ్చగొడతాయి. మరీ పైకి పోతే 20 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యే సంగీతంలో వేలు పెడుతుంది. లెక్క కట్టడం సులువే. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కార్ట్రిడ్జ్, స్క్రూల బరువు కలిపి కంప్లయన్స్‌తో గుణించండి. వచ్చినదానికి వర్గమూలం తీసి, 159ని దానితో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. ఆర్మ్‌కి 10.5, స్క్రూలకి ఒక గ్రాము వేసుకుంటే చాలు.

డీఎల్-103తో మొదలుపెడితే, ఇది 1960లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం పుట్టిన ఎంసీ (మూవింగ్ కాయిల్, సూదితో పాటు తీగచుట్ట కదిలే రకం) కార్ట్రిడ్జ్. బరువు 8.5 గ్రాములు, కాగితం మీద కంప్లయన్స్ 5. నేరుగా లెక్క కడితే దాదాపు 16 హెర్ట్జ్ వస్తుంది. ఇది చూసి కంగారుపడి వదిలేసేవాళ్లున్నారు. కానీ జపాన్ కంపెనీలు ఎక్కువగా కంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి. మనకు కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. అది సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. అలా చూస్తే ఫలితం 11, 13 మధ్య పడుతుంది. పనికిరాదనలేం, అలాగని హాయిగానూ లేదు. కార్ట్రిడ్జ్ బిగించే ఆర్మ్ కొస, అదే హెడ్‌షెల్, దాని కింద నాలుగు గ్రాముల లోహపు పలక పెడితే ఇంకాస్త దిగుతుంది. బరువు తగ్గించడానికే మెగ్నీషియంతో చేసిన ఆర్మ్ కొని, దాని ముక్కుకి మళ్లీ బరువు కట్టడం నాకైతే మింగుడు పడదు.

అసలు అడ్డంకి సూది ఆకారం. డీఎల్-103ది గుండ్రటి మొన. సెట్టింగ్ కొంచెం అటూ ఇటూ అయినా పట్టించుకోదు, అది దాని మంచితనం. కానీ రికార్డు లోపలి గాడుల దగ్గర పై స్థాయి వివరాలు నలిగిపోతాయి. అంత కచ్చితమైన ఆర్మ్ చేసిపెట్టే సగం పని ఈ సూదికి అక్కర్లేదు. 20 గ్రాముల ఆర్మ్ మీదైతే లెక్క 9, 11 మధ్యకి వస్తుంది. ఇది ఉండాల్సిన చోటు అదే.

2ఎం బ్లాక్ దీనికి సరిగ్గా ఎదురు. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్, సూదితో పాటు అయస్కాంతం కదిలే) రకం, 7.2 గ్రాములు, కంప్లయన్స్ 22, షిబాటా అనే సన్నటి అంచున్న మంచి సూది. మన ఆర్మ్ మీద లెక్క 7.8 హెర్ట్జ్ వస్తుంది. గీత దాటి కొంచెం కింద. వంగిన రికార్డు వేసి పక్కనుంచి చూస్తే ఇది కళ్లకే కనిపిస్తుంది. ఎత్తు రాగానే కార్ట్రిడ్జ్ లేవడానికి తాత్సారం చేస్తుంది, కాంటిలీవర్ లోపలికి నొక్కుకుంటుంది, దిగేటప్పుడు కిందికి సాగుతుంది. స్పీకర్ గ్రిల్ తీస్తే ఊఫర్ కోన్ చప్పుడు లేకుండా ముందుకీ వెనక్కీ ఊగుతుంటుంది. దీనికి ఆ ఆర్మ్‌లోనే మందుంది. సిలికాన్ ద్రవంతో పనిచేసే డ్యాంపర్ వాడితే ఊగుడు చాలావరకు సద్దుమణుగుతుంది. ఇంకో సంగతి, ఎంఎం కాబట్టి కేబుల్, ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సన్నటి సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) కలిపి దాని మీద వేసే కెపాసిటెన్స్ చూసుకోవాలి. ఆర్టోఫాన్ చెప్పేది 150 నుంచి 300 పికోఫారడ్లు, అందులో ఆర్మ్ కేబుల్ కూడా లెక్కే. సూది అరిగితే మాత్రం బాధ లేదు, మీరే లాగి కొత్తది తొడగొచ్చు.

కడెంజా బ్రాంజ్ 10.7 గ్రాములు, కంప్లయన్స్ 12. లెక్క 9.7 హెర్ట్జ్, కోరుకున్న పరిధికి నడిమధ్య. పలకలు పెట్టక్కర్లేదు, డ్యాంపర్ మీద ఆధారపడక్కర్లేదు. 20 గ్రాముల ఆర్మ్‌కి మార్చినా 8 దగ్గర నిలబడుతుంది. రెప్లికాంట్ 100 అనే దాని సూది గాడి గోడను సన్నటి నిలువు గీతలా తాకుతుంది కాబట్టి, రికార్డు చివరి గాడులకొచ్చినా తాళాల మోత చెదరదు. నా ఓటు దీనికే.

కానీ ఇది సుకుమారం. ఆర్మ్ ఎత్తు సరిగ్గా ఉండాలి. మరీ భయపడనక్కర్లేదు కూడా. 9 అంగుళాల ఆర్మ్‌లో వెనుక 4 మిల్లీమీటర్లు పైకో కిందికో జరిపితే సూది కోణం మారేది ఒక్క డిగ్రీ. రికార్డు మందం మారినప్పుడల్లా ఎత్తు సవరించేవాళ్లని చూస్తే ముచ్చటేస్తుంది గానీ, అర మిల్లీమీటరు అంటే డిగ్రీలో ఎనిమిదో వంతు. ఎక్కువ జాగ్రత్త పక్కవాటు వంపు, అంటే సూది ముందునుంచి చూస్తే నిటారుగా ఉందా లేదా అన్న దాని దగ్గర కావాలి. సిరీస్ ఫైవ్ హెడ్‌షెల్ స్థిరంగా ఉంటుంది, తిప్పడానికి కుదరదు. కాంటిలీవర్ ఫ్యాక్టరీలోనే ఒక పక్కకి ఒరిగి వస్తే ఆర్మ్ ఏమీ చేయలేదు. సూదిని చిన్న అద్దం మీద దించి ముందునుంచి చూడండి. కాంటిలీవర్, అద్దంలో దాని ప్రతిబింబం ఒకే గీతలో లేకపోతే వాడకం మొదలుపెట్టకముందే మార్చమనండి. అరిగాక కూడా 2ఎంలా సూది ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం కార్ట్రిడ్జ్ పంపాల్సిందే.

చివరగా ఫోనో స్టేజ్. బ్రాంజ్ ఇచ్చేది 0.4 మిల్లీవోల్ట్, 2ఎం బ్లాక్ ఇచ్చేది 5. అంటే 22 డెసిబెళ్ల తేడా. బ్రాంజ్ సిగ్నల్‌ని ఫోనో స్టేజ్ అంత ఎక్కువగా పెంచాలి, దాంతో దాని సొంత రొదా పెరుగుతుంది. మీ ఫోనో స్టేజ్‌ని ఎంసీకి పెట్టి, సూది పైకెత్తి ఉంచి, వాల్యూమ్ మీరు వినే స్థాయికి తెచ్చి కుర్చీలో కూర్చోండి. ట్వీటర్ల నుంచి బుస్సుమనే శబ్దం అక్కడిదాకా వినిపిస్తుంటే, ఫోనో స్టేజ్ మార్చేదాకా డ్యాంపర్ వేసిన 2ఎం బ్లాకే నయం.