బావ పొడుపు కథలు, పొగబండ్లు, నాలుగు రోజుల యార్క్‌షైర్

మా బావకి పొగబండ్ల పిచ్చి ఉందని పెళ్ళైనప్పట్నుంచీ తెలుసు గానీ ఆ పిచ్చి మా లీవుల మీదికి కూడా వస్తుందనుకోలేదు. ఈసారి లీడ్స్‌లో అక్క వాళ్ళింటికి వెళ్ళగానే ఆయన పెట్టిన రూల్ ఏంటంటే, రేపు ఎక్కడికెళ్తున్నామో ముందు చెప్పరంట, రాత్రి వాట్సాప్‌లో ఒక పొడుపు కథ పంపిస్తారు, పొద్దున బయల్దేరేలోపు ఏ ఇంజనో ఏ స్టేషనో చెప్పేస్తే టికెట్ల ఖర్చు ఆయనది, చెప్పలేకపోతే మాది. గూగుల్ చెయ్యకూడదు. మా ఆయన తోడల్లుడి దగ్గర తగ్గుతారా, సరే అన్నారు.

మొదటిది ఇలా వచ్చింది: "నీళ్ళల్లో ఉండాల్సింది పట్టాలెక్కింది, పరుగు ఆపాక సోంపు వాసన."

మొదటి సగం తేలికే. మల్లార్డ్ అనే ఇంజన్, ఆ పేరుకి అర్థం బాతు, యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో ఉంటుంది, 1938 జూలై 3న గంటకి 126 మైళ్ళు పరిగెత్తి ఆవిరి ఇంజన్లలో రికార్డ్ కొట్టింది, అంతవరకు మా ఆయనకి కూడా తెలుసు. సోంపు దగ్గర ఆగిపోయాం. ఇంజన్ ముందు నిలబడ్డాక బావ చెప్పారు, దీనికి మూడు సిలిండర్లు, మధ్య సిలిండర్ తాలూకు పెద్ద బేరింగ్ లోపలెక్కడో ఉంటుంది, అది కాలుతోందో లేదో డ్రైవర్‌కి కనిపించదు, అందుకని అందులో సోంపు లాంటి ఘాటు వాసనొచ్చే గొట్టం పెట్టేవాళ్ళంట, వేడెక్కితే పగిలి కంపు కొడుతుంది, ఆపేయాలి. రికార్డ్ కొట్టిన రోజు కూడా ఆ బేరింగే కాలి పీటర్‌బరోలో ఆపేశారు. "అదీ దిగుడులో కదా కొట్టింది" అని మా ఆయన గొణిగారు. నిజమే, స్టోక్ బ్యాంక్ అనే వాలులో కొట్టిందే. బావ ఆ మాట విననట్టు నటించారు.

మ్యూజియంకి ఎంట్రీ ఫ్రీ. అయినా సగం రోజు చాలదు, నా మాట విని రోజంతా పెట్టుకోండి. మల్లార్డ్ నీలం రంగు, ఎర్ర చక్రాలు చూసి అందరూ అక్కడే ఫోటోలు దిగుతారు గానీ నాకు ఈవెనింగ్ స్టార్ అనే ఇంజన్ ఎక్కువ నచ్చింది. బావ అక్కడికక్కడే ఇంకో పొడుపు కథ వేశారు: "అందరికంటే చివర పుట్టింది, ఐదేళ్ళకే పని మాన్పించారు, నడుమ చక్రానికి అంచు లేదు." 1960లో స్విండన్‌లో తయారైంది, బ్రిటిష్ రైల్వేస్ చేయించిన ఆఖరి ఆవిరి ఇంజన్ ఇదే, 1965కల్లా సర్వీసులోంచి తీసేశారు. ఇక అంచు సంగతి నేనే కూర్చుని చూశా. పెద్ద చక్రాలు పక్కకి ఐదు, రెండు వైపులా కలిపి పది, అన్నిటికీ లోపలివైపు పట్టా దాటకుండా ఆపే అంచు ఉంటే మధ్య జతకి మాత్రం నున్నగా ఉంది. అంత పొడుగు ఇంజన్ వంపులో ఇరుక్కోకుండా తిరగాలంటే మధ్యది పట్టా మీద కాస్త పక్కకి జరగాలి కదా, అందుకు. పొడుపు కథ లేకపోతే నేను చచ్చినా వంగి చూసేదాన్ని కాదు.

ఇక్కడే ఒక కంప్లైంట్. అక్క ముందే ఆన్‌లైన్‌లో ఒక క్లూల బుక్‌లెట్ కొనింది, ఇంజన్లు స్టేషన్లు కనిపెట్టే ఆట అని. ఏ కంపెనీదో రాయను గానీ డబ్బు దండగ. ప్రశ్నలన్నీ నంబర్ ఎంత, ఏ సంవత్సరం అనే టైపు, ఎదురుగా బోర్డ్ మీద జవాబు రాసే ఉంటుంది, పైగా ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ పేజీలో రైలుకీ ఇంజన్‌కీ తేడా లేకుండా కలిపేశారు. ఆ పేరు లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్ళే రైలుదీ, 1923లో డాన్‌కాస్టర్‌లో తయారైన ఇంజన్‌దీ కూడా, రెండూ వేరు. బావ అయితే ఆ పేజీ చూసి అరగంట క్లాస్ పీకారు.

యార్క్‌లో స్టేషన్ పక్కన దిగిన రూమ్ గురించి చెప్పడానికేం లేదు, శుభ్రంగా ఉంది, మెట్లు మరీ ఇరుకు, పెద్ద సూట్‌కేస్‌తో వెళ్ళకండి.

రెండో రాత్రి వచ్చింది: "మేకా ఉంది, నేలా ఉంది, గడ్డి మాత్రం గొర్రె మేసింది." దీనికి రాత్రి పన్నెండు దాకా కొట్టుకున్నాం. మా ఆయన ఇంజన్ల పేర్లన్నీ వెతికారు, అది స్టేషన్ అని ఎవరికీ తట్టలేదు. గోత్‌లాండ్! ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో గోట్ (మేక), లాండ్ (నేల) రెండూ ఉన్నాయి. నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వేలో మధ్యలో వచ్చే స్టేషన్. ఆ ఊళ్ళో నిజంగానే గొర్రెలు రోడ్ల మీద, ఇళ్ళ ముందు ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటాయి, కార్లే ఆగాలి. టికెట్లు మేమే కొన్నాం, నలుగురికీ కలిపితే బాగానే వదిలింది.

ఈ పొగబండి ఎక్కాల్సిన పికరింగ్‌కి ఇప్పుడు మామూలు రైలు లేదు, మాల్టన్ నుంచి వచ్చే లైన్ 1965లో మూసేశారు కాబట్టి యార్క్ నుంచి బస్సే. కొండల మధ్య ఆ బస్సు ప్రయాణం బాగుంది కానీ ఆ రోజు నలభై నిమిషాలు లేటొచ్చింది, తర్వాత ఎక్కాల్సిన రైలు టైము మరీ దగ్గరగా పెట్టుకోవద్దు. పికరింగ్ నుంచి గ్రాస్‌మంట్ దాకా 18 మైళ్ళు పొగబండిలోనే. గ్రాస్‌మంట్ నుంచి గోత్‌లాండ్‌కి తిరిగొచ్చేటప్పుడు 49 అడుగులకి ఒక అడుగు చొప్పున ఎక్కాలి, అప్పుడు వినాలి ఇంజన్ చప్పుడు, ఒక్కో ఊపిరీ విడివిడిగా వినిపిస్తుంది, కిటికీ తీస్తే కళ్ళల్లో బొగ్గు నలుసులు. తీయకుండా ఉండలేం.

గ్రాస్‌మంట్‌లో దిగినవాళ్ళు చాలామంది ప్లాట్‌ఫామ్ మీదే తిరిగి వెనక్కి ఎక్కేస్తారు, ఆ తప్పు చెయ్యకండి. పక్కనే చిన్న పాత సొరంగం ఉంది, 1836లో జార్జ్ స్టీఫెన్‌సన్ ఈ లైన్ వేసినప్పటిది, అప్పట్లో పెట్టెల్ని గుర్రాలు లాగేవి కాబట్టి గుర్రం పట్టేంతే ఎత్తు. అందులోంచి నడిచి అవతలికెళ్తే ఇంజన్లు రిపేర్ చేసే షెడ్. నూనె వాసన, వేడి, విప్పి పెట్టిన చక్రాలు. మాకు ఈ ట్రిప్ మొత్తంలో బెస్ట్ అదే.

రాత్రికి పికరింగ్‌లో ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో ఉన్నాం, ఆవిడ మర్యాదకి వంక పెట్టలేం గానీ హీటర్ పని చెయ్యలేదు, అడిగితే ఇంకో దుప్పటి ఇచ్చారు. గోత్‌లాండ్ స్టేషన్‌లో పాత రైలు పెట్టెనే ఇల్లులా మార్చి అద్దెకిస్తారు, మేం చూసేసరికి ఖాళీ లేదు. దొరికితే దాంట్లోనే ఉండండి.

మూడో రోజు రెస్ట్, లీడ్స్‌కి వచ్చేశాం. ఆ రాత్రి ఆఖరిది: "ఇరవై నాలుగు కమాన్లు, కింద ఏరు లేదు. అది దాటి చీకట్లోంచి బయటికొస్తే, ఊరు కింద స్టేషన్ పైన." కమాన్లనగానే రిబుల్‌హెడ్ వంతెన అని నేను అరిచేశా, సెటిల్ కార్లైల్ లైన్ మీద బురద నేల పైన 104 అడుగుల ఎత్తున కట్టారు. చీకటి దాని తర్వాత వచ్చే బ్లే మూర్ సొరంగం. మిగతా సగం ఎవరికీ రాలేదు, సగమే చెప్పారు కాబట్టి ఖర్చు సగం సగం అని బావ తీర్పిచ్చారు.

ఒక సలహా, వంతెన చూడాలంటే రిబుల్‌హెడ్‌లోనే దిగి కిందికి నడవండి. రైల్లో కూర్చుంటే వంతెన తప్ప అన్నీ కనిపిస్తాయి, మనం దాని మీదే ఉంటాం కదా. మేం ముందుకెళ్ళి డెంట్‌లో దిగాం. సముద్రమట్టానికి 1,150 అడుగులు, ఇంగ్లండ్‌లో మెయిన్ లైన్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తైనది. వాన, గాలి, మేం నలుగురం తప్ప పురుగు లేదు. ఊరేదని చూస్తే లోయలో నాలుగు మైళ్ళ అవతల, ఆరొందల అడుగుల కింద. అప్పుడు వెలిగింది మా ఆయనకి, "ఊరు కింద, స్టేషన్ పైన!" అని గట్టిగా అరిచారు. మేం దిగిన రైలు అప్పటికే వెళ్ళిపోయింది, తిరుగు రైలుకి ఇంకా చాలా టైముంది, గొడుగులేమో లీడ్స్‌లో అక్క వాళ్ళ హాల్లో ఉన్నాయి.