‘టేబుల్’ చేద్దామా, ‘పోస్ట్‌పోన్’ చేద్దామా?

క్లయింట్ కాల్స్‌లో కూర్చునేవాళ్లు పదేపదే అడిగే సందేహం ఇది. ఒక అంశాన్ని పక్కన పెట్టాలంటే ‘లెట్స్ టేబుల్ ఇట్’ అనాలా, ‘పార్క్’ చేద్దామనాలా, మామూలుగా ‘పోస్ట్‌పోన్’ అంటే చాలా?

‘టేబుల్’ సభల్లోంచి వచ్చిన మాట. బ్రిటిష్ పార్లమెంటులో సభ మధ్యనున్న బల్ల మీద కాగితం పెట్టారంటే అది సభ ముందుకు వచ్చినట్టు. మనకూ అదే అలవాటు అబ్బింది. లోక్‌సభలో మంత్రి నివేదికను టేబుల్ చేశారంటే సభకు సమర్పించారనే. అమెరికాలో బల్ల అదే గానీ అర్థం తిరగబడింది. అక్కడ టేబుల్ చేయడమంటే ప్రస్తుతానికి వదిలేయడం. వాళ్ల ప్రతినిధుల సభలోనైతే ‘లే ఆన్ ద టేబుల్’ తీర్మానం నెగ్గితే ఆ ప్రతిపాదనకు నూకలు చెల్లినట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ మాట దగ్గరే బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు చాలాసేపు వాదులాడుకున్నారని చర్చిల్ రాశారు. తీరా చూస్తే ఇద్దరూ కోరింది ఒకటే, ఆ పత్రాన్ని వెంటనే చర్చించాలని! లండన్, డల్లాస్ వాళ్లు ఒకే కాల్‌లో ఉంటే మనకూ అదే తిప్పలు.

అందరూ అమెరికా వాళ్లే అయితే ఇబ్బంది లేదు కదా అంటారేమో. ఉంది. నా దృష్టిలో తేల్చాల్సింది గడువు సంగతి. సభా నియమాల మీద 1876లో హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు రాసిన పుస్తకమే అమెరికా సంఘాలకు నేటికీ ప్రమాణం. దాని ప్రకారం టేబుల్ చేసేటప్పుడు ఫలానా రోజు దాకా అని గడువు పెట్టకూడదు. ‘గురువారం దాకా టేబుల్ చేద్దాం’ అంటే నిబంధనల లెక్కలో అది పోస్ట్‌పోన్ కిందికే వస్తుంది. అలాగని పోస్ట్‌పోన్ అన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు. తేదీ లేకుండా ‘పోస్ట్‌పోన్ ఇండెఫినిట్లీ’ అంటే మర్యాదగా అటకెక్కించడమే.

‘పార్క్’, ‘సర్కిల్ బ్యాక్’ (తర్వాత మళ్లీ దీని దగ్గరికి వద్దాం అనడం) వినడానికి బాగుంటాయి. ఎవరు, ఎప్పుడు చూస్తారన్నది మాత్రం చెప్పవు.

నా ఓటు తేదీతో కలిపి చెప్పే పోస్ట్‌పోన్‌కే. మేనేజర్ నోట ‘టేబుల్’ వస్తే ‘ఇప్పుడు మాట్లాడాలా, తర్వాతా?’ అని అక్కడే అడిగేయండి. మినిట్స్‌లో మాత్రం ‘టేబుల్డ్’ అని రాయకుండా ‘ప్రైసింగ్: గురువారం కాల్‌కి వాయిదా’ అన్న అర్థం వచ్చేలా రాసి, పక్కన బాధ్యుల పేరు పెట్టండి.