టాపెట్లు ఐదు వేలకా, పది వేలకా, ఏడాదికోసారా?

మా నాన్న వాడిన అంబాసిడర్ మార్క్-4 ఇప్పుడు నా చేతిలో ఉంది. ఆదివారాలు నెల్లూరు నుంచి మైపాడు దాకా, పండగలకి కందుకూరు దాకా, ఎప్పుడన్నా ఒంగోలు దాకా. అంతా కలిపినా ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు దాటదు. అయినా మా ఇంట్లో ఆస్తి తగాదాలు లేని లోటు ఈ బండి టాపెట్లు తీరుస్తున్నాయి. టాపెట్లు చూడటమంటే, ఇంజన్లోకి గాలి వదిలి పొగ బయటికి పంపే వాల్వులకీ, వాటిని నొక్కే రాకర్లనే మీటలకీ మధ్య సందు (గ్యాప్) కొలిచి సరిచేయడం. ఎన్నాళ్లకోసారన్నదే తగువు. ఒంగోలులో ఉండే మా బాబాయి ఒకప్పుడు ఇలాంటి బండినే టాక్సీకి తిప్పాడు. ఐదు వేల కిలోమీటర్లకోసారి వాల్వుల మీది కవర్ విప్పకపోతే ఇంజన్ పాపం తగులుతుందంటాడు. కావలిలో మా బావకి పుస్తకం వేదం. మా బండి ఇంజన్‌లాగే బీ-సిరీస్ అనే ఇంజన్ల కుటుంబానికి చెందిన ఎంజీబీ అనే బ్రిటిష్ కారు హ్యాండ్‌బుక్కులో ఆరు వేల మైళ్లకోసారి చూడమని ఉంది కదా, అంటే దాదాపు పది వేల కిలోమీటర్లు, అంతకు ముందు ముట్టుకోవద్దంటాడు. ఇక ఆటోనగర్లో చాలామంది చెప్పేది మూడో మాట: "సౌండొస్తే చూద్దాంలే అబ్బయ్యా."

ముగ్గురి మాటా పాటించి చూసినవాణ్ణి. ఒకదానికి మూల్యం కూడా చెల్లించాను.

ముందు బాబాయి లెక్క. ఆయన రోజుల్లో బండి రోజుకి నూట యాభై కిలోమీటర్లు తిరిగేది. ఐదు వేలంటే నెలకోసారి. నెల తిరిగేసరికి ఎలాగూ ఆయిల్ మార్చేవాడు, ప్లగ్గులు తుడిచేవాడు, పాయింట్లు చూసేవాడు, ఆ చేత్తోనే టాపెట్లూ చూసేవాడు. అది పొట్టకూటి బండి, రోడ్డు మీద ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. కాబట్టి ఆయన పద్ధతి ఆయనకి సరిపోయింది. కానీ నా బండి ఐదు వేలు తిరగాలంటే రెండున్నరేళ్లు పడుతుంది. బావ చెప్పే పది వేలైతే ఐదేళ్లు. ఐదేళ్లలో ఐదు వేసవులు ఎండి, ఐదు తుపాన్లకి నాని, నెలల తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న ఇంజన్‌ని మీటరు మీద అంకె రాలేదని వదిలేయడం నాకు నచ్చదు. నిలబడ్డ ఇంజన్లో ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు కురిసే వానల చెమ్మ అందులోంచి సిలిండర్లోకి దిగుతుంది. వాల్వు కాడకి తుప్పు పట్టి, అది జారే గొట్టం (గైడు)లో పట్టేయడానికి అంతకంటే ఏం కావాలి? కిలోమీటర్లు రోజూ తిరిగే బండికి కొలత. నాలాంటి వాళ్లకి కాదు.

ఇప్పుడు మూడో మాట, సౌండొస్తే చూద్దామన్నది. వినడానికి ఎంత సబబుగా ఉంటుందో అంత ప్రమాదం. గ్యాప్ ఎక్కువైన టాపెట్టు టకటకమని అరుస్తుంది. గ్యాప్ చచ్చిపోయిన టాపెట్టు నోరు మెదపదు. ఇంజన్ పాడయ్యేది ఎక్కువగా ఈ రెండోదానితోనే.

ఎందుకంటే, వాల్వు వేడెక్కితే దాని కాడ సాగుతుంది. ఆ సాగేంత చోటు కోసమే రాకర్‌కీ వాల్వు తలకీ మధ్య సందు వదులుతాం. నేను నా బండికి పెట్టేది 0.015 అంగుళం, మేస్త్రీల భాషలో పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), మిల్లీమీటర్లలో 0.38. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు పని చేసేటప్పుడు 700 డిగ్రీల పైనే ఉంటుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం వాల్వు తన సీటు (అది మూసుకునే అంచు) మీద కూర్చున్నప్పుడే సిలిండర్ల మీది మూత అయిన హెడ్డులోకి, అక్కణ్ణించి నీళ్లలోకి పోతుంది. ఇంజన్ మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు లేచి కూర్చుంటుంది. ఆ కూర్చునే లిప్తపాటే దానికి ఊపిరి. సందు లేకపోతే పూర్తిగా కూర్చోదు, వేడి పోయే దారి ఉండదు, పైగా మంట ఆ చీలికలోంచి దూసుకుపోతుంది. అంచు కాలి, ఎలుక కొరికిన అప్పచ్చిలా తయారవుతుంది.

నాకు జరిగింది అదే. ఒక మే నెల, ఒంగోలు ప్రయాణానికి ముందు ఒక షెడ్డులో బండి సర్వీసుకి ఇచ్చాను. టకటక ఎక్కువగా ఉందని నేనే అన్నాను, తప్పు నాదీ ఉంది. వాళ్లు టాపెట్లు బిగించేశారు. సాయంత్రానికి బండి కుట్టు మిషన్ పోయి కొత్త ఫ్యాన్ వచ్చినట్టు నిశ్శబ్దంగా తిరుగుతోంది. మురిసిపోయి డబ్బులిచ్చాను. మర్నాడు హైవే మీద ఎనభై దాటించి కావలి దాటాను. ఉలవపాడు దగ్గర మామిడికాయలకని ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తే మిస్సింగ్. సైలెన్సర్ మూతి దగ్గర ఒక కాగితం పట్టుకున్నాను. పొగ తోసినప్పుడల్లా కాగితం బయటికి ఎగరాలి. మధ్యమధ్యలో అది లోపలికి పీల్చుకుపోతోంది. హెడ్ దించితే నాలుగో వాల్వు అంచు అరంగుళం మేర కాలిపోయి ఉంది.

నాలుగోదే ఎందుకు? ఈ ఇంజన్ హెడ్డులో రేడియేటర్ వైపు నుంచి ఎంచుకుంటూ వస్తే 1, 4, 5, 8 ఎగ్జాస్ట్ వాల్వులు. అందులో 4, 5 పక్కపక్కనే ఉండి రెండూ ఒకే దారిలోకి వేడి పొగ వదులుతాయి. మధ్యలో ఇరుక్కున్న ఆ ఇద్దరికీ ఉక్క ఎక్కువ. ఏ ఒక్కటి చూసినా ముందు వాటినే చూడాలి.

బావ పుస్తకానికి ఇంకో చిక్కుంది. ఆ పుస్తకాలు రాసిన రోజుల్లో పెట్రోల్లో సీసం ఉండేది. సీసం మంచిదని కాదు, పిల్లల రక్తంలో చేరే విషం, పోయిందే మేలు. కానీ అది వాల్వుకీ సీటుకీ మధ్య పలచని పొరలా ఉండి రెండు ఇనుములూ అతుక్కోకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. మన పాత హెడ్డులో సీటు విడిగా వేసిన రింగు కాదు, పోత ఇనుములోనే చెక్కింది. ఎక్కువ వేగంతో ఎక్కువసేపు నడిపితే వేడికి వాల్వు, సీటు క్షణకాలం అతుక్కుని విడిపోతూ, సీటు గీకినట్టు అరుగుతుంది. సీటు అరిగితే వాల్వు పైకి ఎక్కుతుంది, గ్యాప్ తగ్గుతుంది. అంటే పాత రోజుల్లో అరుగుదలకి సాధారణంగా పెరిగే గ్యాప్, ఇప్పుడు ఎగ్జాస్ట్ వైపు తగ్గుతుందన్నమాట. మైపాడు రోడ్డు మీద నలభైలో పోయే బండికి ఈ బాధ దాదాపు లేదు. నెల్లూరు-ఒంగోలు హైవే మీద తొంభై లాగే బండికి ఉంది. ఇప్పుడొచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌తో కార్బొరేటర్ బండి కాస్త పలచగా మండుతుంది, వేడి ఇంకొంచెం పెరుగుతుంది. గ్యాస్ కిట్ వేయించిన బండికైతే సీటు మరీ తొందరగా అరుగుతుంది, అలాంటివాళ్లు మా బాబాయి ఐదు వేల లెక్కే పట్టుకోవాలి, వాదన అక్కర్లేదు. పాత మారుతి 800 వాళ్లు ఇంత కంగారు పడక్కర్లేదు. దాని అల్యూమినియం హెడ్డులో గట్టి సీటు రింగులు మొదటినుంచీ ఉంటాయి.

కాబట్టి నా ఓటు ఏడాదికోసారికి. అయితే చూడటం వేరు, స్క్రూ తిప్పి గ్యాప్ మార్చడం వేరు. ఇది చెబితే బాబాయి ఒప్పుకోడు. కవర్ విప్పాక ఏదో ఒకటి తిప్పందే ఆయనకి తృప్తి ఉండదు. నేను ముందు ఎనిమిది వాల్వుల గ్యాపూ ఫీలర్ గేజ్‌తో, అంటే థౌల్లో మందం రాసి ఉన్న పలచని రేకులతో, కొలిచి పుస్తకంలో రాస్తాను. పద్నాలుగు రేకు దూరి, పదహారు రేకు దూరకపోతే ముట్టుకోను. పదిహేడుంటే కూడా కంగారు లేదు, కాస్త అరుస్తుంది, అంతే. పదమూడు, పన్నెండు కనిపిస్తే మాత్రం సరిచేసి, ఆ నంబరు చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుడతాను. ఈ అంకెల వరసే అసలు సంగతి చెబుతుంది. ఏటేటా ఒకే వాల్వు బిగుస్తుంటే అది సీటు గొడవ, స్క్రూడ్రైవర్‌తో పోయేది కాదు.

ఆ ఏడాదికోసారి నేను పెట్టుకున్న రోజు ఆయుధపూజకి ముందురోజు. పనిముట్లన్నీ ఎలాగూ బయటికొస్తాయి. ఒకసారి పూజయ్యాక చేద్దామని కూర్చుంటే మా ఆవిడ ఫీలర్ గేజ్‌కి కూడా కుంకుమ బొట్టు పెట్టేసింది. ఆ పొడితో పదిహేను రేకు పదిహేనుగా ఉండదని ఆమెకి చెప్పే ధైర్యం లేక మర్నాటిదాకా ఆగాను.

పని పొద్దున్నే, ఇంజన్ రాత్రంతా చల్లారాక. వేడిగా పెట్టాలా చల్లగా పెట్టాలా అన్నది ఇంకో తగువు. మీ పుస్తకం ఏది చెబితే ఆ అంకె దానికే వర్తిస్తుంది, ఒకదాని అంకె తీసి ఇంకోదానికి వాడకూడదు. అది తేలాక నేను చల్లని పద్ధతికే మొగ్గుతాను. వేడి ఇంజన్ మీద ఎనిమిదో వాల్వుకి వచ్చేసరికి మొదటిది చల్లారి ఉంటుంది, ఈలోగా మీ వేళ్లు కాలి ఉంటాయి. ఇక కొందరు పెద్ద మేస్త్రీలు ఇంజన్ తిరుగుతుండగానే రేకు దూర్చి బిగిస్తారు. చూడటానికి గారడీలా ఉంటుంది. ఆయిల్ చొక్కా మీద, రేకు చావుదెబ్బలు తిని వంకర. ఆ రేకుతో తర్వాత కొలిచేది ఏదీ నమ్మడానికి లేదు.

ప్లగ్గులు నాలుగూ విప్పి, టాప్ గేరులో వేసి, మా అబ్బాయిని వెనకనుంచి మెల్లగా తొయ్యమంటాను. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుంటే ఆగమంటాను, అప్పుడు ఒకటోది కొలవాలి. ఆరోది నొక్కుకుంటే మూడోది. నాలుగోది నొక్కుకుంటే ఐదోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి, అంతే లెక్క. రేకు లాగుతుంటే తడి ఆకులోంచి పోక లాగినట్టు మెల్లగా పట్టుకుని రావాలి. జారిపోతే వదులు, ఇరుక్కుంటే బిగువు. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఇంకొకటి, రాకర్ మూతి మీద వాల్వు కాడ తగిలి తగిలి గుంట పడి ఉంటే రేకు ఆ గుంట మీద వంతెనలా పడుకుంటుంది. మీరు పదిహేను అనుకుంటారు, అసలు గ్యాప్ ఇరవై ఉంటుంది. అలాంటి బండి ఎంత సర్దినా అరుస్తూనే ఉంటుంది, రాకర్లు మార్చాలి. కార్క్ ప్యాకింగ్ మీద కవర్ పెట్టాక బలం చూపించకండి, నలిగి ఆయిల్ కారుతుంది.

హెడ్ విప్పి బిగించిన బండికి మాత్రం ఏడాది ఆగకూడదు. ఐదొందల కిలోమీటర్లకే మళ్లీ చూడాలి, ప్యాకింగ్ కుదురుకుంటుంది కాబట్టి.

ఉలవపాడు సంఘటన తర్వాత హెడ్డు లేత్‌కి ఇచ్చినప్పుడు, ఎగ్జాస్ట్ నాలుగింటికీ గట్టి సీటు రింగులు వేయించమన్నారు. నేను కక్కుర్తి పడి మధ్యలో ఉన్న 4, 5కే వేయించాను. అప్పట్నుంచీ ఆ రెండూ పద్నాలుగు, పదిహేను మధ్యే ఉన్నాయి. మొన్న దసరాకి కొలిస్తే ఎనిమిదోది పదమూడు. అంతకు ముందు దసరాకి పద్నాలుగు, దానికి ముందు పదిహేను. సరిచేసి ఎర్రసున్నా చుట్టాను. సంక్రాంతికి ఒంగోలు పోయొచ్చాక మళ్లీ విప్పి చూస్తాను. బావకి ఇంకా చెప్పలేదు. నాలుగూ వేయించమని ఆ రోజే చెప్పింది ఆయనే.